గాజులు లేని ఇంట్లో గాజుల చప్పుడు

లాలాపేట్,
గురువారం, 14 ఆగస్టు 1997.

చిరంజీవి శైలజకు,

మీ మొగిలి మామ ప్రభువు పేరట దీవించి రాయునది. ఉత్తరం మొదట అందరూ ఇక్కడ మేము క్షేమం అని రాస్తరు. నేను రాయలేను, అబద్ధం అయితది. నువ్వు క్షేమంగ ఉన్నవని మాత్రం తార్నాక చౌరస్తాల మీ హాస్టలు పిల్ల ఒకామె కనబడి చెప్పింది. అక్కడనే నిలబడి స్తోత్రం చెప్పుకున్న.

ఇక నా ప్రశ్న. పెద్ద చదువు చదువుతున్నదానివి, దీనికి జవాబు చెప్పు. గాజు ముక్క కూడ లేని ఇంట్లో, పట్టపగలు, గాజుల చప్పుడు ఎట్ల వినబడ్తది?

నవ్వకు బిడ్డా. మైకు పట్టుకొని చౌరస్తాల వాక్యం అరిచే మామకు పిచ్చి లేసిందని ఉత్తరం మడిచి పక్కన పెట్టకు. ఇది నా గురించి కాదు, మీ అక్క కన్న నిరోష గురించి. ఆ పిల్ల ఆదివారం నుంచి సరిగ ముద్ద ముట్టలేదు. రేపు పొద్దున మా సంఘం పెద్దలు వచ్చి ఆ పిల్ల మీద ఉపవాస ప్రార్థన పెడుతున్నరు. అందుకే రాస్తున్న.

మా సంఘం పద్ధతి నీకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లు గాజులు, కమ్మలు, పూలు, బొట్టు విడిచి తెల్ల చీరె కట్టాలె. మీ అత్తమ్మ రాములవ్వ ఇరవై ఏండ్ల కింద విడిచింది. మీ అక్క సుజాత మా కొడుకు సుదర్శన్‌ను చేసుకునే ముందు విడిచింది. పచ్చ గాజులు ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పెడుతుంటే నేను పక్కన నిలబడి కీర్తన పాడిన. ఆ గాజులు పక్కింటి భారతమ్మకు ఇచ్చి రమ్మని రాములవ్వ చేతికి నేనే అందిచ్చిన. అవి గడప దాటుడు నా కండ్లతో చూసిన. అప్పటికి నిరోష ఇంకా పుట్టనే లేదు. ఈ మాట గుర్తు పెట్టుకో, మళ్ల అవసరం పడ్తది.

మొన్న మార్చిలో మెదడు జ్వరం వచ్చి మీ అక్క వారం తిరగకముందే పోయింది. మట్టి చేసి వచ్చినంక, నువ్వు పిల్లను ఎత్తుకోబోతే మా సంఘం పెద్ద కొండలరావు గారు ప్రార్థన అయ్యేదాక గాజులు తీసెయ్యమన్నరు. నువ్వు నా దిక్కు చూసినవు. నేను కూడ తియ్యి బిడ్డా అన్న. మా అక్క తీసింది సాలదా మామా అని నువ్వు చెప్పులేసుకొని పోయినవు. ఆ తర్వాత ఈ గల్లీకి రాలేదు. దాని మీద మనం ఎంత సేపైనా కొట్లాడొచ్చు, నా దగ్గర వాక్యాలు ఉన్నయి, నీ దగ్గర మాటలు ఉన్నయి. ఇప్పుడు సమయం లేదు.

ఎండకాలమంత నేను ఇంటి పట్టున లేను. ఇస్కూళ్లు తెరిచే ముందు బోర్డులు రాసే పని ఎక్కువ ఉంటది. హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాక నిచ్చెన మీదనే ఉన్న. నేను బడికి పోనోణ్ణి, అక్షరాలు గోడల మీద రాసుకుంట నేర్చినోణ్ణి. ఒక్కో అక్షరానికి వంపు ఎక్కడ, తలకట్టు ఎక్కడ అని చెయ్యికి తెలిసినంకనే కండ్లకు తెలిసింది. వానలు పట్టినంక పని ఆగింది. మధ్యాహ్నం ముందటి అర్రలో కూర్చొని వాక్యం చదువుకునుడు మొదలు పెట్టిన. అప్పుడు విన్న.

పెండ్లింట్ల గలగలలాడే చప్పుడు కాదు. వంటింటి తలుపు మూసి ఉన్నది. లోపల ఒక్క చెయ్యి కదిలినట్టు, అన్నం కలిపినట్టు, ఆగినట్టు, మళ్ల కలిపినట్టు చప్పుడు. దాని మీద నిరోష నవ్వు. నా చేతిలో పుస్తకం మూతబడ్డది. మీ అక్క అన్నం కలిపేటప్పుడు నాలుగు వేళ్లు చాపి మెల్లగ తిప్పేది, గుర్తున్నదా నీకు? ఆ తిప్పుడు నాకు చెవుల్లో కనబడ్డది. ఇంకెట్ల చెప్పాలెనో తెలుస్తలేదు.

రాములవ్వా అని పిలిచిన. చప్పుడు ఆగింది. కొంచెం సేపటికి ఆమె పిల్లను చంకనేసుకొని వచ్చింది. చేతులు బోసిగ ఉన్నయి. గాజుల చప్పుడు విన్నవా అని అడిగిన. నువ్వు మైకుల అరిచి అరిచి చెవులు చెడగొట్టుకున్నవు, గాజులు లేవు నీ తలకాయ లేదు, పిల్ల మూతి తుడువనియ్యి అన్నది. ఆమె నల్ల దగ్గరికి పోయినంక వంటింట్లో గిన్నెలు, డబ్బాలు, ఉట్టి అన్నీ తీసి చూసిన. ఏం దొరకలేదు. గిన్నెలు తోమే మోరి కాడ మాత్రం గోరంత పచ్చ గాజు పెంకు దొరికింది. దాన్ని వాక్యం పుస్తకం పేజీల నడుమ పెట్టిన.

ఆ తర్వాత చాలాసార్లు విన్న. సుదర్శన్ ఒకనాడు డ్యూటీ నుంచి తొందరగ వచ్చి, ఆ చప్పుడు విని తలుపు కాడనే నిలబడ్డడు. బాపూ, సుజాత లోపల ఉన్నదా అని అడిగిండు. అడిగినంక ఏమడిగిండో వానికే తెలిసి, గోడకు తల ఆనించి ఏడ్చిండు.

పక్కింటి భారతమ్మ గోడ మీద నుంచి మాకందరికి వైద్యం చెప్పింది. తల్లి పాణం పిల్ల మీదనే కొట్టుకుంటున్నది అన్నా, మైసమ్మ గుడికాడ తాయెత్తు కట్టియ్యి, మీ దేవుడు ఏమనుకోడు అన్నది. నేను కోప్పడ్డ. కోప్పడి ఇంట్లోకి వచ్చి, తలుపు గడియ వేసి, ఆ గడియను మళ్ల ఒకసారి చూసుకున్న.

కొండలరావు గారికి చెప్పక తప్పలేదు. ఆయన మాట ఇది. చచ్చినోళ్లు తిరిగి రారు, అది వాక్యం. కాబట్టి వచ్చింది సుజాత కాదు. సుజాత చప్పుడు తొడుక్కొని ఇంకోటి వచ్చింది. సౌలు రాజు చచ్చిన ప్రవక్తను లేపమని చీకట్ల సోదెగత్తె దగ్గరికి పోయిన కథ నేనే ఎన్నిసార్లు చెప్పలేదు? ఆయన నా ప్రసంగమే నాకు చెప్తుంటే నేను ఆమేన్ అన్న. వేరే ఏమనాలె?

ఇంతలో రాములవ్వకు పచ్చకామెర్లు వచ్చినయి. కండ్లు పసుపు ముద్దలైనయి. ఆదివారం దవాఖానల షరీకు చేసినం. పోయేటప్పుడు ఆటోలో కూర్చొని కూడ పిల్లకు అన్నం ఎవరు పెడ్తరు, ఎట్ల పెడ్తరు అని ఒకటే సణుగుడు. నేనే పెడ్త, నాకు చేతులు లేవా అన్న. చేతులు ఉంటే సాలదు అన్నది. కామెర్ల మాట అనుకున్న.

నిరోష నా చేతి ముద్ద ముట్టలేదు. సుదర్శన్ పెడితే పెదాలు బిగబట్టింది. భారతమ్మ ఎత్తుకొని చందమామను చూపిస్తే చందమామను చూసింది కని నోరు తెరవలేదు. పాలు రెండు గుక్కలు మింగి సీసా తోసేసుడు. పదిహేడు నెలల పిల్ల, చెంపలు దిగబడ్డయి.

మంగళవారం మధ్యాహ్నం. రాములవ్వ దవాఖానల ఉన్నది. సుదర్శన్ డ్యూటీకి పోయిండు. పిల్ల నిద్రపోయిందని నేను ముందటి అర్రలో కన్ను మూసిన. పక్కింట్ల టీవీ మోగుతున్నది. కరెంటు పోయింది. టీవీ ఆగి గల్లీ అంత నిశ్శబ్దమైంది.

వంటింట్లో గాజులు మోగినయి.

ప్రభువు రక్తం జయం అనుకుంట లేచిన. వంటింటి తలుపు తోసిన. ఎవరూ లేరు. నిరోష ఒక్కతే బియ్యం డబ్బా ముందట కూర్చున్నది. ఆమె ముందట ఒక కుప్ప. ఇంటి తాళం చెవుల గుత్తి. పిడి వదులైన గరిటె. ఒకదాన్లో ఒకటి ఇరుక్కున్న రెండు చిన్న గ్లాసులు. కిటికీ పరదా ఇత్తడి రింగులు. నా రంగు డబ్బా మూత, దాన్లో ఎప్పుడో ఎండిన రంగుకు ఒక మేకు అంటుకొని ఆడుతుంటది. ఇవన్నీ వేరే వేరే అర్రల నుంచి తెచ్చి కుప్ప పెట్టింది. గుత్తిని పట్టుకొని ఊపి, ఆగి, మూసి ఉన్న దొడ్డి తలుపు దిక్కు చూసి అమ్మ అన్నది.

ఎవరిని చూసిందో నేను చూడలేదు.

సాయంత్రం నేను కుప్ప చెదరగొట్టి ఎక్కడివి అక్కడ పెట్టిన. బుధవారం పొద్దుగాల మళ్ల అదే కుప్ప. అవే సామాన్లు! అప్పుడు నువ్వు యాదికొచ్చినవు.

జనవరిలో నువ్వు మమ్మల్ని క్యాంపస్‌కు పిలిచినవు, పిల్లలు ఎట్ల నేర్చుకుంటరో చూసే మీ డిపార్ట్‌మెంటు మేడ మీద అర్రకు. చాప మీద మీ అక్క కూర్చున్నది, ఒడిలో నిరోష. పిల్లకు సైగ చెయ్యొద్దని మీ అక్కను గోడ మీద క్యాలెండరు చూస్త కూర్చొమ్మన్నవు. రెక్కలు చాపిన ప్లాస్టిక్ పిట్టలు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చినవు. పచ్చది, ఎర్రది, పెద్దది, చిన్నది. మొదటి దాన్ని తిప్పి తిప్పి చూసింది. నాలుగో అయిదో దానికి ఇసుగొచ్చి విసిరేసింది. అప్పుడు విమానం ఇచ్చినవు. అదీ రెక్కలు చాపిందే, అదే సైజుదే. పిల్ల దాన్ని వదల్లేదు. బోర్లేసి, మలిపి, నోట్లో పెట్టి, మళ్ల తీసి చూసింది. చూసినవా మామా, ఇది పిట్ట కాదని దానికి తెలుసు, పేరు రాకముందే గుంపు కట్టుకున్నది అన్నవు.

నేను పొంగిపోయి, మొదటి మనిషి ఆదాము ముందటికి దేవుడు జంతువులన్నిటినీ తెచ్చి పేర్లు పెట్టమన్నడు, అదే బుద్ధి పిల్లల లోపల పెట్టి పంపుతడు అన్న. ఆదాముకు పెద్దయినంక ఇచ్చిండు కదా ఆ పని, దీనికి పాకేటప్పుడే ఇచ్చిండు, అంటే ఆదాము కన్న ఇది గట్టిది అని నువ్వు నవ్వినవు. లోపల పెట్టి పంపుడు ఒక్కటే కాదు మామా, చూసి, ముట్టి, విని, మళ్ల మళ్ల విని కట్టుకుంటరు అన్నవు. మీ అక్క క్యాలెండరు మీద నుంచి చూపు తియ్యకుండనే అడిగింది. మరి నన్ను ఏ గుంపుల పెట్టుకున్నదే ఇది అని. నువ్వు చెప్పినవు. అమ్మ అంటే పిల్లకు మొఖం ఒక్కటే కాదక్కా, వాసన, చప్పుడు, పట్టుకునే తీరు, అన్నీ కలిసిన మూట అని. చప్పుడు అన్న మాటకు మీ అక్క చేతులు కొంగులో దాచుకున్నది. ఎందుకు దాచుకున్నదో నాకు అప్పుడు పట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆ చేతులే కనబడుతున్నయి.

దిగేటప్పుడు నువ్వు నాకు ఇంకో మాట చెప్పినవు. మనకు ఏది ఒక్క తీరు కనబడ్తదో అది వదిలెయ్యాలె, పిల్ల దేన్ని పట్టుకొని గుంపు కడుతున్నదో అది చూడాలె, అడగొద్దు, చెప్పొద్దు, ఊకె చూడాలె అని. ఊకె ఉండుడు నాకు రాదని నీకు తెలుసు. బుధవారం ఊకె ఉన్న.

చాప పరిచి ఇంట్లో సామాన్లన్నీ పెట్టిన. మొదట గుండ్రటివి అనుకున్న. మూత గుండ్రం, గ్లాసు గుండ్రం, రింగు గుండ్రం. పళ్లెం పెడితే పక్కకు తోసింది. మరి గరిటె గుండ్రం కాదు. మెరిసేటివి అనుకున్న. కొత్త చెంచా పెడితే ముట్టలేదు. మీ అక్క వస్తువులు అనుకున్న. దువ్వెన పెట్టిన, మీ అక్క తెల్ల చీరె పెట్టిన. చీరెను ముక్కు కాడ పెట్టుకొని కొంచెం సేపు ఆగింది, కుప్పలో మాత్రం వెయ్యలేదు. ఆఖరికి గోడ మీది ఫోటో తీసి పెట్టిన. సుజాత ఫోటో, నవ్వుతున్నది. పిల్ల దాన్ని చూసింది. రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టింది. పెట్టి, తాళం చెవుల గుత్తిని ఎదకు అదుముకున్నది.

తల్లి మొఖాన్ని పక్కకు పెట్టి ఇనుప ముక్కలను ఎదకు అదుముకున్నది! ఆ అర్రలో నిలబడి ఉంటే నీకు తెలిసేది.

అప్పుడు పట్టిన. ప్రతిది తీసి చెవి కాడ ఒక్కసారి ఊపుతున్నది. మోగితే కుప్పలోకి, మోగకపోతే బయటకు. భారతమ్మ కొనిచ్చిన ప్లాస్టిక్ గిలక ఉన్నది కద, అదీ చప్పుడు చేస్తది. ఊపి, విని, విసిరేసింది. లొడలొడ పనికిరాదు. ఏ చప్పుడు పడితే ఆ చప్పుడు కాదు. సన్నగ, ఒకదానికొకటి తగిలి, ఆగి, మళ్ల తగిలే చప్పుడే కావాలె. గొర్రెలను కుడికి, మేకలను ఎడమకు నిలబెట్టే తీర్పు దినం గురించి ఎన్నో ఏండ్లు ప్రసంగించిన. ఒక పాలపండ్ల పిల్ల నా కండ్ల ముందే తీర్పు తీరుస్తున్నది.

నేను గుత్తి తీసుకొని ఊపి చూసిన. పిల్ల నన్ను చూడలేదు. దొడ్డి తలుపు దిక్కు చూసింది.

బిడ్డా, ఇప్పుడు మొదటికి రా. నిరోష పుట్టకముందే మీ అక్క గాజులు విడిచింది. ఈ ఇంట్లో పిల్ల కండ్లు తెరిచినంక ఏ ఆడచేతికి గాజు లేదు. మరి ఆ చప్పుడు అమ్మది అని ఈ పిల్లకు ఎవరు నేర్పిన్రు? కొండలరావు గారు పట్టుకున్న కొస ఇదే. తల్లి తొడగనిది పిల్లకు తెల్వది, తెలిసిందంటే చెప్పేటోడు లోపల ఉన్నడు అంటున్నరు. రేపు జెండా పండుగ, అందరికీ సెలవు. జెండా ఎగరేసినంక సంఘమంత మా ఇంటికి వస్తది. ఆ దయ్యం తన పేరు చెప్పి పోయేదాక పిల్లకు పాలు, నీళ్లు ఉండవు. ఉపవాసం అన్న మాటకు నేను ఎన్నడూ భయపడలేదు, నా కడుపు మాడ్చుకొని ప్రార్థన చేసినోణ్ణి. కని ఆదివారం నుంచి తినని పిల్ల కడుపు మీద ఉపవాసం పెట్టుమని ఏ వాక్యంలో ఉన్నది? వెతుకుతున్న. దొరుకుతలేదు. లేదని నిలబడి చెప్పేటందుకు నా చేతిలో వేరే జవాబు ఏదీ లేదు.

అందుకే అడుగుతున్న. మళ్ల మళ్ల వింటేనే పిల్లలు గుంపు కడ్తరని నువ్వు అన్నవు. ఒక్కసారి వింటే కట్టరా? పక్కింటి చప్పుడు వింటే కట్టరా? మళ్ల మళ్ల వినాల్సిందే అంటే, ఈ ఇంట్లో మళ్ల మళ్ల వినిపించింది ఎవరు? బతికున్నోళ్లా? రాత్రి తెల్లవార్లు నా చెవి వంటింటి దిక్కే ఉంటున్నది, మళ్ల వినబడాలెనని ఉన్నది, వినబడొద్దని ఉన్నది. నాకు తెలిసిన దేవుని మీద ఒట్టు, నేను రెండిట్ల దేనికి ప్రార్థన చేస్తున్ననో నాకే తెల్వది.

పిల్లవాడు సమూయేలు గుడిలో పడుకొని పిలుపు విని, తనకు అన్నం పెట్టే ముసలాయన పిలిచిండనుకొని ఆయన దగ్గరికే మళ్ల మళ్ల ఉరికిండు. పిల్లలకు పిలుపు అంటే అన్నం పెట్టినోళ్లదే. ఈ ముచ్చట నిన్ననే కొత్తగ చదివినట్టు చదివిన.

నువ్వు జవాబు రాసియ్యి. నీ మీద నాకు కోపం లేదు, నీకు నా మీద ఉంటే అది ఉండనియ్యి, జవాబు మాత్రం రాసియ్యి. నాలుగు గంటలకు దవాఖానల రాములవ్వను చూసి, వచ్చేటప్పుడు ఈ ఉత్తరం మీ హాస్టలు కాడ ఇచ్చిపోత.

నీ మేలు కోరే,
మామ మొగిలి

తా.క.

శైలజా, ఇది మీ హాస్టలు గేటు కాడ వాచ్‌మన్ స్టూలు మీద పెట్టి రాస్తున్న. వంకర టింకర అక్షరాలు చూసి నేను కాదనుకోకు.

దవాఖానకు పోయిన. మంచం మీద రాములవ్వ నన్ను చూడంగనే పిల్ల తిన్నదా అని అడిగింది. లేదన్న. రేపటి ఉపవాసం సంగతి చెప్పిన. అప్పటిదాక పండుకున్న మనిషి లేచి కూర్చున్నది. ఆ పసుపు కండ్లతో నన్ను చూసి, దయ్యం లేదు భూతం లేదు, అది నేను, పోయి చెప్పు నీ కొండలరావుకు అన్నది.

మీ అక్క గాజులు భారతమ్మకు పోనే లేదు. గడప దాటినయి కదా, నేను చూసిన అన్న. గడప దాటుడు చూసినవు, దొడ్డి తలుపు నుంచి తిరిగి వచ్చుడు చూడలె, నీది ఎప్పుడూ ముందటి తలుపు చూపే అన్నది. ఆడపిల్ల ఇష్టంగ కొనుక్కున్నయి, ఇయ్య మనసు రాక బియ్యం డబ్బాలో అడుగున పెట్టిందట. నేను డబ్బా మూత తీసి చూసిన బిడ్డా, బియ్యంల చెయ్యి పెట్టలేదు.

నిరోషకు అన్నం అలవాటు చేసేటప్పుడు మూతి తిప్పేదట. మీ అక్క బియ్యానికి చెయ్యి పెడితే గాజులు తగిలినయి. అత్తాకోడండ్లు ఒకరినొకరు చూసుకున్నరు. రాములవ్వనే తొడిగింది. తలుపు మూసుకొని, నేను నిచ్చెన మీద ఉన్న వేళ, సుజాత అన్నం కలిపితే గాజులు మోగినయి, పిల్ల నోరు తెరిచింది. ఆ రోజు నుంచి రోజు అదే. అమ్మ అంటే ఆ చప్పుడు, ఆ వేళ, ఆ ముద్ద. మూట అన్నవు చూడు, ఆ మూట. నీ ముందట చప్పుడు అన్న మాటకు మీ అక్క చేతులు ఎందుకు దాచుకున్నదో ఇప్పుడు తెలిసింది.

జ్వరంల మాట పడిపోయే ముందు సుజాత రాములవ్వను అడిగిన మాట ఒక్కటే అట. అత్తమ్మా, గాజులు ఎవ్వరికీ ఇయ్యకు, అవి లేకుంటె అది తినది అని. పిల్ల మూతి బిగబట్టినప్పుడల్లా రాములవ్వ చేతికి సబ్బు రాసుకొని, కోడలి చిన్న గాజులు తన పెద్ద చేతికి ఎక్కించింది. తీసేటప్పుడు ఒకటి పగిలింది. మోరి కాడి పెంకు అదే. ఆమె చెయ్యి వెనక గీతలు నేను చూసిన, గిన్నెలు తోమితే అయినయంటే నమ్మిన. ఇరవై ఏండ్లు బోసిగ ఉన్న చెయ్యి! నాకెందుకు చెప్పలేదే అంటే, చెప్తే నాకు వాక్యం వినిపిస్తవు, పిల్లకు ఎవరు వినిపిస్తరు అన్నది. ఆ వార్డులో అందరు మా దిక్కే చూస్తున్నరు. నేను కిటికీ దిక్కు తిరిగిన.

ఇంటికి ఉరికిన. బియ్యంల చెయ్యి పెట్టి గాజులు తీసి, పిల్ల ముందట మోగించిన. తప్పటడుగులతో ఉరికొచ్చింది. వచ్చి నా చేతిని చూసింది. నా మొఖం చూసింది. నా వెనకకు పోయి చూసింది. వంటింటి తలుపు సందులో చూసింది. అక్కడా లేకపోతే కింద కూర్చొని, చప్పుడు లేకుండ ఏడ్చింది. మీ డిపార్ట్‌మెంటులో విమానాన్ని చూసినట్టు చూసింది నన్ను. చప్పుడు ఉన్నది, చెయ్యి లేదు. నా చేతిని ఆ గుంపులోకి రానియ్యలేదు బిడ్డా. మంగళవారం నేను విన్నది కూడ ఆ పిల్లే. అది ఆట కాదు. మనం పేరు పెట్టి పిలుస్తం, దానికి పేరు రాదు, మోగేటివన్నీ కూడబెట్టి మోగిచ్చి పిలుస్తున్నది. అయిదు రోజుల నుంచి తల్లిని పిలుస్తుంటే నేను దయ్యమనుకున్న!

ఇప్పుడు కొండలరావు గారికి నా దగ్గర వాక్యం ఉన్నది. పెద్ద యాజకుడు అహరోను అంగీ అంచుకు బంగారు గంటలు కుట్టమని దేవుడే చెప్పిండు. పరిశుద్ధ స్థలంలోకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ చప్పుడు వినబడాలె, లేకపోతే ప్రాణం పోతదని చెప్పిండు. చప్పుడు లేకపోతే ప్రాణం పోతది! ఇన్నేండ్లు ఈ వచనం గోడల మీద కూడ రాయలేదు నేను. రేపు నా గడప మీద నిలబడి దీన్నే చదువుత. పిల్ల మీద చెయ్యి పెట్టే ముందు నన్ను దాటాలె. సంఘం నన్ను వెలేస్తే వెయ్యనియ్యి.

కని వాక్యంతోటి పిల్ల కడుపు నిండదు. రాములవ్వకు తగ్గేసరికి ఎన్నాళ్లయితదో డాక్టరు చెప్తలేడు. నీ చేతుల్లో పారేది సుజాత రక్తమే, ఆమె వేళ్లే నీయి, ఆమె తిప్పినట్టే నువ్వు అన్నం తిప్పుతవు, చూసిన నేను. పచ్చ గాజులు నా అంగీ జేబులో ఉన్నయి. స్టూలు మీద వంగినప్పుడల్లా మోగుతున్నయి, వాచ్‌మన్ నన్ను అనుమానంగ చూస్తున్నడు.

రేపు అనకు. పరీక్షలు అనకు, మార్చిలో మాటలు అనకు. పిల్ల పొద్దుటి నుంచి రెండు గుక్కల పాల మీద ఉన్నది, సుదర్శన్ భుజాన వేసుకొని గల్లీల తిరుగుతున్నడు. నీ గాజులు నువ్వు తియ్యకు, ఉన్నయన్నీ తొడుక్కొని రా, వీటినీ తొడుగు. నా గడప మీద నిన్ను ఎవరు ఆపుతరో నేను చూస్త. ఆటో నిలబెట్టిన. ఇక్కడికి చదువుడు ఆపు, చెప్పులేసుకో, మెట్లు దిగి ఇప్పుడే రా.